వేపచెట్టు ఏ పక్కన ఉండేది?

తుర్కయంజాల్‌లో నిలబడి ‘లేఅవుట్ వేస్తున్నాను’ అని అని చూడండి. ఎదుటి మనిషి కళ్లు పెద్దవవుతాయి. ఎన్ని ఎకరాలు, గజం ఎంత, హెచ్‌ఎండీఏ అప్రూవలా డీటీసీపీయా, సాగర్ రోడ్డు నుంచి ఎంత లోపలికి... ఇక ప్రశ్నలు ఆగవు. మా వీధి మొదట్లో పాల ప్యాకెట్లు అమ్మే చోట నేనూ ఓసారి అలాగే నోరు జారాను. ‘ఎంత జాగ సార్?’ అన్నాడు ప్లాట్ల వ్యాపారం చేసే మా పొరుగాయన. ‘ఇరవై చదరపు అడుగులు’ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, రిటైరైన వాళ్లకు వచ్చే రోగాల్లో ఇదొకటి కాబోలు అనుకుని, పాల ప్యాకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు.

నిజానికి నా లెక్క ప్రకారం అది ఐదున్నర ఎకరాలు. నా దగ్గర ఒక అడుగంటే నూటపది అడుగులు మరి. ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ చెక్క. దాని మీద రెండు లైన్ల చిన్న రైల్వే స్టేషను, పెంకుల కప్పు, రెండు క్వార్టర్లు, ఒక బావి, ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం, రావడానికో పోవడానికో ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఒక ఆవిరి బండి. మేడ మీద గదిలో గోడవారన ఉంటుంది. బొమ్మ రైళ్లు కట్టే వాళ్లు ఇలాంటి దాన్ని లేఅవుట్ అనే అంటారు. తప్పు నాది కాదు.

మా ఊళ్లో రైలు లేదు. 1997లో ఇక్కడ రెండు వందల గజాలు కొన్నప్పుడు ఇది హయత్‌నగర్ మండలంలో ఓ గ్రామ పంచాయతీ. జాగ చూపిద్దామని మా నాయనను దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కించి తీసుకొచ్చాను. ఆయన దిగి, అటు మాసబ్ చెరువు వైపు, ఇటు పొలాల వైపు చూసి, ‘రైలు లేని ఊర్ల ఏం కొన్నవ్‌ర?’ అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసిన మనిషి. పట్టాలు లేని చోట మనుషులు ఎలా బతుకుతారో ఆయనకు చివరి దాకా అర్థం కాలేదు. ఇప్పటికీ మాకు రైలు కూత కావాలంటే మలక్‌పేట దాకా పోవాలి. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది గానీ, అది కూత పెట్టదు కదా.

బొమ్మ రైళ్ల పిచ్చి మనకు కొత్తగానీ లోకానికి కొత్త కాదు. జర్మనీలోని హాంబర్గ్‌లో ఇద్దరు కవల సోదరులు 2001లో తెరిచిన ప్రదర్శనలో పట్టాల పొడవే 16 కిలోమీటర్లు దాటింది. అంత దూరం ఎందుకు, పుణెలో భావూ జోషీ గారు జీవితమంతా కూడబెట్టి కట్టిన చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచీ ఉంది. ఉద్యోగం పని మీద పుణె వెళ్లినప్పుడు నేను చూశాను. దీపాలు ఆర్పేసి, ఆ ఊరి కిటికీల్లో వెలుగు నింపి, రైలు వదిలారు. పక్కన కూర్చున్న పిల్లల కంటే నేనే ముందుకు వంగాను. ఆ మాటకొస్తే మన బొమ్మల కొలువులు మాత్రం ఏమిటి? మెట్ల కింద రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగేసి పార్కు చేయడం, అద్దం ముక్కతో చెరువు చేయడం, రాగులు మొలకెత్తించి పొలం చేయడం... మా ఆవిడ పుట్టింట్లో ఏటా చేసేవాళ్లట. కాబట్టి ఆమె దృష్టిలో నేను చేస్తున్నది ఏడాది పొడవునా సాగే కొలువు. తీసే రోజు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

నాది టెలిఫోన్ల ఉద్యోగం. 2020 జనవరి 31న, దేశమంతటా డెబ్బై ఎనిమిది వేల మందికి పైగా ఒకేరోజు బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి స్వచ్ఛంద విరమణ చేస్తే, అందులో నేనొకణ్ణి. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. చేతికి పని లేదు, బయటకు దారి లేదు. చిన్నప్పుడు మేం పెరిగిన స్టేషను కట్టాలని అప్పుడు పుట్టింది బుద్ధి.

ఆ స్టేషను సికింద్రాబాద్ నుంచి కాచిగూడ, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా ద్రోణాచలం పోయే లైనులో ఉంది. పేరు చెప్పను. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. మా చిన్నప్పుడు అది మీటర్‌గేజ్. రెండు పట్టాల మధ్య సరిగ్గా మీటరు. ఇప్పుడు మనం ఎక్కే బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 1992లో యూనిగేజ్ పథకం మొదలయ్యాక మీటర్‌గేజ్ లైన్లు ఒక్కొక్కటే వెడల్పవుతూ వచ్చాయి. మా లైనూ ఆ దశాబ్దంలోనే మారింది. పాత స్టేషను భవనం పోయింది, క్వార్టర్లు పోయాయి. ఒక్క ఫొటో లేదు. పాయింట్స్‌మన్ ఇంట్లో కెమెరా ఎక్కడిది?

మొదటి చిక్కు కొలతలతో వచ్చింది. బొమ్మ రైళ్లలో ఎక్కువ మంది వాడేది హెచ్‌వో అనే సైజు. అసలు రైలులో 87వ వంతు. దానికన్నా చిన్నది ఎన్. అది 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. మన మీటర్‌గేజ్ బండి బొమ్మ నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు. అప్పుడు లెక్క తిరగేశాను. 9 మిల్లీమీటర్ల పట్టాను మీటరు అనుకుంటే మిగతావన్నీ సుమారు 110వ వంతు కావాలి. మా లైనులో తిరిగిన వైపీ ఇంజను పెద్ద చక్రాలు 54 అంగుళాలు. 110తో భాగిస్తే పన్నెండున్నర మిల్లీమీటర్లు. అమెరికా ప్యాసింజరు ఇంజన్ల ఎన్ సైజు బొమ్మల్లో చక్రం ఇంచుమించు పన్నెండు. ముందు నాలుగు, మధ్య ఆరు, వెనుక రెండు అనే చక్రాల వరస కూడా ఒక్కటే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి పాతదొకటి కొని తెచ్చింది. పైనున్న అమెరికా ఒంటిని ఊడదీసి, మన వైపీ ఒంటిని ప్లాస్టిక్ రేకుతో చేసి తొడిగాను. ఎనిమిది నెలలు పట్టింది.

పెట్టెలకు పెళ్లి శుభలేఖలు వాడాను. ఈమధ్య వస్తున్న శుభలేఖల అట్ట ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు. కిటికీలు బ్లేడుతో కోసి, ఎర్ర ఇటుక రంగు వేస్తే నాలుగు పెట్టెల బండి తయారు. దేంట్లోనైనా లోపలికి తొంగిచూస్తే ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని కనిపిస్తుంది.

కంకర దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. పట్టాల కింద పోసే రాయి అసలులో 50 మిల్లీమీటర్లనుకుంటే నాకు కావాల్సింది అర మిల్లీమీటరు లోపు. వంటింట్లో బొంబాయి రవ్వ సరిగ్గా అదే సైజు. బూడిద రంగు కలిపి, పట్టాల మధ్య పోసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే ద్రవం చుక్క వేసి చుక్కచుక్కగా తడిపాను. చూడముచ్చటగా వచ్చింది. వారం రోజుల్లో చీమలు బారులు తీరి మెయిన్ లైను మొత్తం మోసుకుపోయాయి. తర్వాత కంకర మిషను దగ్గర రాతిపొడి సంచి తెచ్చి టీ వడకట్టే జాలీతో జల్లెడ పట్టాను. అది నిలిచింది. అందులో ఇనుప రజను ఉండొచ్చు, ముందు అయస్కాంతం తిప్పి తీసేయాలి. లేకపోతే ఇంజను మోటారులోకి పోతుంది. ఈ సంగతి నాకెలా తెలిసిందని అడక్కండి.

వైర్ల పని మాత్రం నాకు కూర చేసినంత సులువు. అనడం అలా అంటున్నాను గానీ, కూర చేయడం నాకు రాదు. పన్నెండు వోల్టుల కరెంటు, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న స్విచ్చులు, పాత టెలిఫోన్ కేబుల్లోని రంగురంగుల సన్న తీగలు. అవే రాగి తీగలు ఇరవై ముప్పై కలిపి మెలితిప్పి, చివర్లు విడదీస్తే చెట్టు కొమ్మలవుతాయి. దానికి అద్దే ఆకుల కోసం స్పాంజిని రంగులో ముంచి, ఆరబెట్టి, మిక్సీలో వేశాను. ఆ మిక్సీ గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోకపోవడమే మంచిది.

అలా పదహారు చెట్లు చేశాను. పదిహేను తుమ్మలు, ఒక వేప. తుమ్మలు ఎక్కడ పెట్టినా ఎవరూ అడగరు. వేప దగ్గరే బండి ఆగింది.

దానికి ముందు మీకు టోకెన్ సంగతి చెప్పాలి. ఒకే పట్టా మీద రెండు వైపుల నుంచీ బండ్లు తిరిగే లైనులో, రెండు స్టేషన్ల మధ్య ఒక్కసారికి ఒక్క బండే ఉండాలి. దానికి నీల్స్ బాల్ టోకెన్ అని ఒక ఏర్పాటుండేది. ప్రతి స్టేషను మాస్టరు గదిలో ఒక ఇనుప పెట్టె, లోపల ఉక్కు గోళీలు. అవతలి స్టేషను వాళ్లు కరెంటు సంకేతం ఇస్తేగానీ ఇవతల గోళీ బయటకు రాదు. ఒకటి బయటకొస్తే, అది మళ్లీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండోది ఏ స్టేషనులోనూ రాదు. ఆ గోళీ చేతిలో ఉన్న డ్రైవరుకే ముందుకు పోయే హక్కు. గోళీని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు రింగుకు కట్టేవాళ్లు. ఆగకుండా పోయే బండి అయితే, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం చివర నిలబడి ఆ రింగును ఎత్తి పట్టుకోవాలి. వేగం తగ్గించుకుని వచ్చే ఇంజను నుంచి ఫైర్‌మన్ వంగి, చెయ్యి రింగులో దూర్చి లాక్కుపోతాడు. రాత్రిపూట అతనికి కనబడాలని పక్కన కాగడా వెలిగించి ఉంచుతారు. చిన్నప్పుడు మాకు అంతకన్నా గొప్ప సర్కసు లేదు.

1973 చలికాలంలో ఒక రాత్రి ఆ రింగు అందలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. క్వార్టరులో నిద్రపోతున్నాను. ఎక్స్‌ప్రెస్ ఆగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆగని బండి ఆగితే ఆ నిశ్శబ్దానికే మెలకువ వస్తుంది. తోలు సంచి తుమ్మకంపలో పడి, గోళీ ఎటో దొర్లిపోయింది. లాంతర్లు పట్టుకుని నాయన, మాస్టరు, గార్డు, మా అమ్మ అందరూ వెతికారు. అరగంట పైన పట్టింది.

విచారణలో ఫైర్‌మన్ ‘కాగడా కనబడలేదు’ అన్నాడు. నాయన ‘వెలిగించే ఉంచిన’ అన్నాడు. కాగితం మీద ఫైర్‌మన్ మాట నిలిచింది. నాయనకు రెండేళ్లు ఇంక్రిమెంటు ఆపారు. ఊళ్లో ఆ మాట ఇంకో రూపం ఎత్తింది. తాగి పడుకున్నాడనీ, కాగడా వెలిగించనే లేదనీ. బడిలో ఒకడు నా ముఖం మీదే అన్నాడు. నాయన పండగపూట కల్లు తాగేవాడు, కాదనను. డ్యూటీలో తాగడం నేను చూడలేదు. అయితే తొమ్మిదేళ్ల పిల్లవాడు రాత్రి డ్యూటీలో ఏం చూస్తాడు?

నాయన చనిపోయే దాకా ఆ రాత్రి గురించి మాతో మాట్లాడలేదు. నేను అడగలేదు.

ఇక్కడ వేపచెట్టు వస్తుంది. మా స్టేషను ప్లాట్‌ఫాం చివర లైను వంపు తిరుగుతుంది. బండి ఆ వంపులోంచే వస్తుంది. బావి దగ్గర పెద్ద వేపచెట్టు ఉండేది. నా జ్ఞాపకం ప్రకారం బావికీ పట్టాలకూ మధ్యలో, వంపు లోపలి వైపు. రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం చెట్టును అక్కడ గుచ్చి, బండి ఎలా కనబడుతుందో చూద్దామని కన్ను చెక్క మట్టానికి ఆనించాను. ఇంజను వంపులో ఉంది. నేను ఇంజను వైపు నుంచి ప్లాట్‌ఫాం చివర చూస్తున్నాను. ఏమీ కనబడలేదు. వేపకొమ్మలు అడ్డం. బండిని ముందుకు తోశాను. ఇంకా కనబడలేదు. చివర్లో, ఇక జానెడు దూరం ఉందనగా, ఎంసీల్‌తో చేసిన పదిహేను మిల్లీమీటర్ల మా నాయన కనిపించాడు.

ఒళ్లు ఝల్లుమంది. కాగడా వెలుగుతూనే ఉంది, చెట్టు అడ్డమైంది, ఫైర్‌మన్ నిజమే చెప్పాడు, నాయనా నిజమే చెప్పాడు! యాభై ఏళ్ల కేసు ప్లైవుడ్ చెక్క మీద తేలిపోయింది. అప్పటికప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉన్న మా అన్నకు ఫోను చేశాను. అంతా విని, ఒక్క మాటన్నాడు.

‘చెట్టు ఆడ గాదు తమ్మీ. బావికి ఆవలి పక్క.’

ఆవలి పక్క అంటే పట్టాలకు దూరంగా. అక్కడుంటే కాగడాకు అడ్డం కాదు.

అన్న నాకన్నా అయిదేళ్లు పెద్ద. ఆ ఏడు తొమ్మిదో తరగతి. పదో తరగతి అయ్యాక హైదరాబాదులో కాలేజీలో చేరతానంటే, జీతం కోతలో ఉన్న నాయన చేతులెత్తేశాడు. అన్న పాలమూరులో ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. తర్వాత సొంత దుకాణం పెట్టుకున్నాడు, పిల్లల్ని చదివించాడు, బాగానే ఉన్నాడు. నా వంతు వచ్చేసరికి జీతం మళ్లీ పెరుగుతోంది, నేను చదువుకున్నాను. నాయన తాగాడన్న మాట అన్న ఎన్నడూ అనలేదు. కాలేదనీ అనలేదు.

ఫోను పెట్టేశాక నా పనితనం మీద నాకే అనుమానం వచ్చింది. ఒక సంగతి దాచిపెట్టాను మీకు. ఎనిమిది అడుగుల చెక్క మీద స్టేషను మొత్తం పట్టదు. అసలు దూరం కిలోమీటరుంటే 110వ వంతులో తొమ్మిది మీటర్లు కావాలి. అందుకని బొమ్మ రైళ్ల వాళ్లందరూ వంపులు గట్టిగా తిప్పేస్తారు, దూరాలు కుదిస్తారు. నేనూ కుదించాను. అంత గట్టి వంపులో ఏ చెట్టయినా అడ్డమే వస్తుంది. కుదించిన సాక్ష్యంతో తీర్పు చెప్పేశాను.

సరే, ఆ మూల ఒక్కటీ కుదించకుండా కడదామనుకున్నాను. అన్నను రమ్మన్నాను. ఇద్దరం కలిసి ఆ స్టేషనుకు పోయాం. డ్యూటీలో ఉన్నతన్ని అడిగి, పట్టాల మీదకు పోకుండా పాత ప్లాట్‌ఫాం రాతి అంచు వెంట నడిచాం. అది ఇంకా ఉంది, కంపలో కప్పుకుపోయి. రైల్వే వాళ్లు వంపును కొలిచే పద్ధతి చాలా తేలిక. ఇరవై మీటర్ల తాడును వంపు మీద రెండు చివర్లా పట్టుకుని, మధ్యలో తాడుకూ అంచుకూ ఎంత ఎడముందో చూస్తే చాలు. అన్న ఒక కొన, నేను ఒక కొన. మధ్యలో స్కేలు పట్టుకోవడానికి మేకలు కాసుకునే పిల్లవాణ్ణి బతిమాలాం. పద్నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది. అంటే వంపు వ్యాసార్ధం 350 మీటర్లు. 110వ వంతులో పదిన్నర అడుగులు.

చెట్టు మాత్రం లేదు. మొద్దు కూడా లేదు. బావి పూడ్చేశారు గానీ గుండ్రని రాతి గట్టు నేల మట్టానికి కనబడుతోంది.

‘అమ్మ నీళ్లు తోడేటప్పుడు నీడ ఉండేది. పొద్దుగూకే ముంగట. నాకు బాగా గుర్తు’ అన్నాను. సాయంత్రం బావి మీద నీడ పడాలంటే చెట్టు పడమట ఉండాలి. పట్టాలు పడమటే.

‘పొద్దుగాల తోడేది. బడికి పోయే ముందు నేనే బిందెలు మోసేటోణ్ణి. నీడలనే నిలబడేటోళ్లం’ అన్నాడు అన్న. పొద్దున నీడంటే చెట్టు తూర్పున. ఆవలి పక్క.

అమ్మ రెండు పూటలా తోడేదని ఇద్దరికీ తెలుసు. నేను ఆమెను సాయంత్రం చూశాను, అన్న పొద్దున చూశాడు. మేకల పిల్లవాడు మా ఇద్దరి ముఖాలూ చూసి, ‘ఏం పోయింది సార్, బంగారమా?’ అని అడిగాడు.

బస్సులో వస్తూ అన్న చాలాసేపు మాట్లాడలేదు. షాద్‌నగర్ దాటాక, ‘రెండు పూటల నీడ ఉన్నదంటే చెట్టు బావి మీదనే ఉన్నదేమో’ అన్నాడు. బావిని ఆనుకుని, కొమ్మలు మీదికి కప్పుకుని. నాకు తోచని ఆలోచన అది.

మరుసటి రోజు ఉదయం మా డాబా మీద మేకు కొట్టి, పదిన్నర అడుగుల దారం కట్టి, చివర సుద్దముక్కతో వంపు గీశాం. అరవై దాటిన ఇద్దరు మనుషులు డాబా మీద వంగి గీతలు గీస్తుంటే ఎదురింటి వాళ్లు వాస్తు చూస్తున్నామనుకున్నారు. ఆ గీతను అయిదడుగుల కొత్త చెక్క మీదకు ఎక్కించాను. దాని మీద నూట అరవై మీటర్ల నేల, ఒక్క అంగుళం కుదించకుండా. నేల కోసం అక్కడి నుంచి ఎర్రమట్టి తెచ్చి జల్లించాను. చిత్రమేమిటంటే అసలు మట్టిని అలాగే పోస్తే బొమ్మలో మరీ ముదురుగా కనబడుతుంది. కాస్త సుద్దపొడి కలిపితేగానీ అసలుదానిలా ఉండదు. కాగడా కోసం సన్నని ఆప్టికల్ ఫైబర్ ముక్కను చెక్కలోంచి పైకి తెచ్చి, కింద నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టాను. నాయన చేతిలో రింగు ఒక్క రాగి పోగు. అయిదు మిల్లీమీటర్లు.

ఇంజను క్యాబు ఎత్తులో ఫోను కెమెరా పెట్టి, గది చీకటి చేసి, మూడు చోట్లా చూశాను. బండి ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకుంటే సెకనుకు ఎనిమిది మీటర్లు. చెట్టు నేను చెప్పిన చోటుంటే, కాగడా చివరి 20 సెంటీమీటర్లలోనే కనబడుతుంది. అసలులో 22 మీటర్లు, మూడు సెకన్లు లేదు. అన్న చెప్పిన చోటుంటే మీటరు దూరం నుంచీ కనబడుతుంది. పదమూడు సెకన్లు. బావి మీదుంటే 45 సెంటీమీటర్లు. ఆరు సెకన్లు.

ఆరు సెకన్లు చాలా? నేను చాలవంటాను. ఆవిరి ఇంజనులో ఫైర్‌మన్ అంతవరకూ బొగ్గుల పొయ్యిలోకి చూస్తూ ఉంటాడు. అంత వెలుగు చూసిన కళ్లతో చీకట్లోకి తిరిగితే చిన్న మంట వెంటనే ఆనదు. కానీ ఇలా వాదిస్తున్నది ఎవరు? ఆ ఫైర్‌మనుకు ఒక తమ్ముడో కొడుకో ఉండి, వాడూ ఒక స్టేషను కట్టుకుంటే చెట్టు ఎక్కడ పెడతాడు? నేను కాబట్టి చెట్టును మూడు సెకన్ల దగ్గర పెట్టుకున్నాను. చదువు పోగొట్టుకున్న అన్న పదమూడు సెకన్ల దగ్గర పెట్టుకున్నాడు. ఇద్దరం అబద్ధం చెప్పలేదు. ఇద్దరికీ ఆ నీడ చల్లదనం కూడా గుర్తుంది.

మిగతా పదిహేను తుమ్మలకూ ఫెవికాల్ వేసేశాను. వేప మొదట్లో మాత్రం గుండుసూది పెట్టాను. ఎక్కడంటే అక్కడ గుచ్చుకోవచ్చు. ఎర్రమట్టిలో ఇప్పటికే మూడు చిల్లులు పడ్డాయి.

పోయిన నెల మా మనవరాలి చెవులు కుట్టించే వేడుకకు అన్న వచ్చాడు. భోజనాలయ్యాక చెప్పాపెట్టకుండా మేడ మీదికి వెళ్లాడు. కాసేపటికి నేనూ వెళ్లాను. వేపచెట్టును బావి మీద పెట్టి, కళ్లద్దాలు తీసి, ముఖం చెక్కకు ఆనించి కూర్చున్నాడు.

‘లైటు బంద్ చేసి నడుపు’ అన్నాడు.

దీపం తీసేసి, కింద కాగడా స్విచ్చి వేసి, బండి వదిలాను. అది వంపు తిరిగి వచ్చింది. కొమ్మల సందులోంచి చుక్కంత నారింజ వెలుగు, తర్వాత రింగు పట్టుకున్న చెయ్యి, తర్వాత మనిషి. ఆరు సెకన్లు చాలా చిన్నవి.

‘కాగడా అయితే ఎలుగుతున్నది గదర’ అన్నాడు అన్న.

ఆ స్విచ్చి నేను వేసిందే. అన్న చూస్తుండగానే వేశాను. ఆయన కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

‘ఇంకోపారి నడుపు.’

బండిని వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ వదిలాను.